ఇరవై మూడు నిమిషాల పాటకు దారి

ప్రోగ్రెసివ్ రాక్ వినాలనుకున్నవారికి గడప దగ్గరే అడ్డుపడేది పాట నిడివి. పల్లవి, రెండు చరణాలు, మొత్తం కలిపి నాలుగైదు నిమిషాలు అని అలవాటైన చెవికి ఇరవై మూడు నిమిషాల పాట ఒకటుందంటే ముందు నమ్మకం కుదరదు, తర్వాత ఓపిక చాలదు. నిజామాబాద్ నుంచి చందూర్ వెళ్ళే సాయంత్రపు బస్సులో కాలేజీ పిల్లల ఫోన్లు చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. పాట మొదలవుతుంది, పల్లవి వస్తుంది, చరణం అందుకోకముందే బొటనవేలు తెర మీద కదులుతుంది, ఇంకో పాట వస్తుంది. కిటికీ బయట నిజాంసాగర్ కాలువ కింది వరి మళ్ళు, చెరకు తోటలు వెనక్కి పోతుంటాయి, లోపల పాటలూ అలాగే పోతుంటాయి. ఆ పిల్లలకు సంగీతం మీద ప్రేమ లేదనలేం. ఉంది కాబట్టే చెవిలో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతోంది. మరి వాళ్ళలో ఒకరు ఎక్కడో ఒక గిటార్ ముక్క విని, పింక్ ఫ్లాయిడ్ పేరో జెనెసిస్ పేరో పట్టుకుని, ఈ పెద్ద పాటల్లోకి ఎటునుంచి పోవాలని అడిగితే ఏం చెప్పాలి? పేరు పడ్డ వంద ఆల్బమ్‌ల పట్టిక చేతిలో పెడితే సరిపోతుందా? సరిపోదు. ఏది గొప్పదో పట్టిక చెబుతుంది, ఏది ముందు వినాలో చెప్పదు. వినేవారి చెవిలో ఇదివరకే ఏముందో చూసుకుని అక్కడి నుంచే దారి వెయ్యాలి.

అసలు ఇంత పొడుగు పాట ఎలా పుట్టింది? కొంతవరకు రికార్డు వల్లే పుట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టేది కాదు. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ తెచ్చిన ఎల్పీ నిమిషానికి 33 చుట్ల చిల్లర తిరుగుతూ ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పట్టింది. చాలా ఏళ్ళపాటు ఆ జాగానంతా చిన్న చిన్న పాటలతోనే నింపారు. 1967లో మూడీ బ్లూస్ బృందం ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్’లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఒక రోజును ఆర్కెస్ట్రాతో కలిపి ఆల్బమ్ పొడుగునా పాడింది. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత ఐదారేళ్ళు ఇంగ్లండులో కుర్రాళ్ళు బృందాలు బృందాలుగా ఇదే పనిలో పడ్డారు. చర్చిలో విన్న ఆర్గన్, పియానో పాఠాల్లో నేర్చిన బాక్, ఇంట్లో తిరిగిన జాజ్ రికార్డు, ఊళ్ళో వినిపించే జానపదం, వీటన్నిటినీ ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్ముల పక్కకు తెచ్చారు. అన్ని రకాల సరుకు ఒకచోట చేరాక మూడు నిమిషాల్లో ఇమిడే వీలు లేదు. పాట సాగింది, విడదీసి వినలేనంతగా ఆల్బమ్ ఒకే వస్తువైంది.

ఇంతకీ నిడివి మనకు కొత్తా? నిజామాబాద్ జిల్లాలో పుట్టి పెరిగినవారికి కొత్త కాకూడదు. 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ పేరుతో లోకానికి తెలిసిన చిందు యక్షగానం ఈ నేలదే. రాత్రి భోజనాలయ్యాక మొదలైన ఆట తెల్లవారేదాకా సాగేది. కిరీటం, భుజకీర్తులు, ముఖాన రంగు, మద్దెల, తాళాలు, ఒక దరువు నుంచి ఇంకో దరువుకు మారుతూ కథ. నడుమ ఒక ఘట్టం మెల్లగా నడిచిందని ఎవరూ లేచి పోయేవారు కాదు, ఆ నెమ్మది తర్వాత వచ్చే వేగానికి అవసరమని చూసేవారికి తెలుసు. 1972లో డబ్లిన్‌లో జెనెసిస్ కచేరీ నడుస్తుండగా పాటగాడు పీటర్ గాబ్రియల్ లోపలికి వెళ్ళి ఎర్ర గౌను తొడుక్కుని, నక్క తల పెట్టుకుని తిరిగి వచ్చాడు. తోటి వాద్యగాళ్ళకు కూడా ముందు చెప్పలేదు. ఆ తర్వాత పువ్వు ముసుగు, ముసలివాడి ముసుగు, పాటలో పాత్ర మారినప్పుడల్లా వేషం మారింది. ఈ పోలిక న్యాయమైనదేనా? పూర్తిగా కాదు. చిందు బతుకు కోసం ఆడిన దళిత కళాకారుల వారసత్వం. గాబ్రియల్, అతని స్నేహితులు కలిసింది చార్టర్‌హౌస్ అనే ఖరీదైన బోర్డింగ్ బడిలో. ఒకటి ఊరి నడిబజారులో నిలబడింది, రెండోది టిక్కెట్టు కొన్నవారి ముందు. ఆ తేడా చిన్నది కాదు. కాని చూసేవారి నుంచి రెండూ కోరింది ఒకటే, మధ్యలో లేచిపోని మనసు. అది మన ఊళ్ళలో మొన్నమొన్నటి దాకా ఉన్న గుణం. కాబట్టి పొడుగు పాట ముందు తెలుగు శ్రోత చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు.

మొదటి ఆల్బమ్‌గా 1973 నాటి పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ తీసుకోవడం మంచిది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 700 వారాలకు పైగా నిలిచిన ఆల్బమ్ ఇది. సిఫారసుకు కారణం ఆ పేరు కాదు. మొత్తం నలభై మూడు నిమిషాలే, ఒక్కో పాట విడిగా కూడా నిలబడుతుంది, అయినా ఒక పాట అంచు ఇంకో పాటలో కలిసిపోతుంది. పొడుగు వినడం నేర్పే బడి ఇంతకన్నా సులువుగా దొరకదు. అందులో ‘మనీ’ అనే పాటను దగ్గరగా చూడాలి. మొదట వినిపించే చిల్లర నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు, కాగితం చిరిగిన మోత, ఇవన్నీ టేపు ముక్కలు. స్కేలుతో కొలిచి సమానంగా కత్తిరించి, ఏడు చప్పుళ్ళుగా అతికించి, గుండ్రంగా తిప్పారు. వెంటనే బేస్ గిటార్ అదే ఏడును అందుకుంటుంది. తొడ మీద తకిట తకధిమి అని వేసుకుంటూ వినండి, సరిగ్గా కూర్చుంటుంది. క్షేత్రయ్య పదాలు ఎన్నిటినో పాడే మిశ్రచాపు లెక్క అదే. పాశ్చాత్య శ్రోతకు వింతగా తోచిన ఏడు మన పాటకచేరీలో ఇంటి తాళం. గిటార్ సోలో వచ్చేసరికి లెక్క నాలుగులోకి మారుతుంది, సోలో అయ్యాక మళ్ళీ ఏడులోకి వస్తుంది. ఆ మారే క్షణాన్ని చెవి పట్టుకుందంటే ఈ సంగీతంలో సగం పని అయినట్టే.

అదే ఆల్బమ్‌లో ‘మనీ’కి ముందు, రికార్డు మొదటి వైపు చివర్న ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ ఉంటుంది. అందులో పాడే మాటలు లేవు. క్లేర్ టోరీ అనే గాయని పియానో మీద గొంతును ఎత్తుతూ, దించుతూ, అరుస్తూ, చివరికి అలిసిపోయినట్టు సన్నగిల్లుతూ పాడింది. ఆమెకు ముందుగా స్వరం రాసి ఇవ్వలేదు, అక్కడికక్కడ అల్లింది. అందుకు ముట్టింది 30 పౌండ్లు. ఆ పాటలో ఆమె రచన కూడా ఉందని ఒప్పుకోవడానికి 2005 దాకా పట్టింది, అదీ కోర్టుకు వెళ్ళాక. రాగాలాపన వినే అలవాటున్న ఇంట్లో ఈ పాటకు వివరణ అక్కర్లేదు. మాట లేకుండా గొంతు ఎంత చెప్పగలదో తెలిసిన చెవి ఇక్కడ పరాయి చోట ఉన్నట్టు అనుకోదు. ఇంగ్లీషు సరిగా అర్థం కాదేమోనని వెనకాడేవారు చాలామంది ఉంటారు. వాళ్ళు ఈ పాటతోనే మొదలుపెట్టినా తప్పు లేదు.

రెండో మెట్టు అదే బృందం 1975లో చేసిన ‘విష్ యు వర్ హియర్’. అందులోని ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’లో గొంతు వినిపించేది ఎనిమిది నిమిషాలు దాటాక. అంతసేపూ ఏం జరుగుతుంది? ముందు సింథసైజర్ మంచులా పరుచుకుంటుంది, తర్వాత డేవిడ్ గిల్మర్ గిటార్ నాలుగు స్వరాలు పలికి ఆగుతుంది. ఆ నాలుగు స్వరాల చుట్టూనే మెల్లగా తాళం, మిగిలిన వాద్యాలు చేరతాయి. పల్లవికి ముందు ఆలాపన ఎందుకో తెలిసినవారు ఈ ఎనిమిది నిమిషాలను వృథా అనరు. పాట ఎవరి గురించో తెలిస్తే ఇంకా లోతుగా దిగుతుంది. బృందాన్ని మొదట నడిపిన సిడ్ బారెట్ మానసిక స్థితి చెడి 1968లో దూరమయ్యాడు. 1975 జూన్‌లో ఈ ఆల్బమ్ పని జరుగుతుండగా జుట్టు, కనుబొమలు గొరిగించుకుని స్టూడియోకు వచ్చి కూర్చుంటే పాత స్నేహితులు ముందు గుర్తుపట్టలేదు. ఇదే ఆల్బమ్‌లో ‘వెల్‌కమ్ టు ద మెషీన్’ ఉంది. సంగీత వ్యాపారం ఒక కుర్రాణ్ణి ఎలా మింగుతుందో చెప్పే పాట అది, అడుగున యంత్రపు దడ ఆగకుండా కొట్టుకుంటుంది. శక్కర్‌నగర్ క్వార్టర్లలో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ నీడలో పెరిగి, 2015 చివర్లో ఆ ఫ్యాక్టరీ మూతపడటం చూసినవారికి ఆ దడ ఇంకోలా వినపడుతుంది. యంత్రం మనిషిని మింగడం ఒక దుఃఖం, యంత్రం ఆగిపోవడం ఇంకో దుఃఖం. పాటలో ఉన్నది మొదటిదే. కాని మంచి సంగీతం వినేవారి బాధకూ చోటిస్తుంది.

ఇక్కడి నుంచి వెనక్కి, 1969కి వెళ్ళవచ్చు. కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’లో ఐదే పాటలు. మొదటిది ‘ట్వంటీఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్’, గొంతును కావాలని చీల్చి, శాక్సోఫోన్‌ను గిటార్‌తో ఢీకొట్టించిన పాట. కొత్తవాళ్ళు చాలామంది అక్కడే ఆల్బమ్ ఆపేస్తారు. వరస తప్పినా ఫరవాలేదు, రెండో పాట ‘ఐ టాక్ టు ద విండ్’తో మొదలుపెట్టాలి. వేణువు, మెల్లని గొంతు, తొందరలేని డ్రమ్ములు. తర్వాత ‘ఎపిటాఫ్’. అందులో గుండె మీద బరువు పెట్టినట్టు వచ్చే వయొలిన్ల సమూహం నిజానికి వయొలిన్ల సమూహం కాదు, మెలోట్రాన్ అనే వాద్యం. చూడ్డానికి హార్మోనియంలా మెట్లుంటాయి. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలినో వేణువో. మెట్టు నొక్కితే ఆ టేపు ఎనిమిది సెకన్ల పాటు నడిచి ఆగిపోతుంది. వదిలితే స్ప్రింగు దాన్ని మళ్ళీ మొదటికి లాగుతుంది. ఎనిమిది సెకన్లకు మించి ఏ స్వరమూ నిలవదు కాబట్టి వాయించేవారు వేళ్ళు మారుస్తూనే ఉండాలి. టేపు కాస్త వణుకుతుంది, స్వరం కూడా వణుకుతుంది. ఆ ఆల్బమ్‌లోని దిగులు సగం ఆ వణుకు నుంచే వచ్చింది. ఇది తెలిశాక తిరిగి మొదటి పాటకు వెళితే ఆ గోల వెనక ఉన్న క్రమశిక్షణ వినపడుతుంది.

జెనెసిస్‌లోకి 1973 నాటి ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’ నుంచి పోవాలి. ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’లో టోనీ బాంక్స్ పియానో తాళం మార్చుకుంటూ పరుగెడుతుంది. పాట నడుమ వేణువు పలికిన అదే స్వరమాలను కాసేపయ్యాక స్టీవ్ హాకెట్ గిటార్ మళ్ళీ అందుకుని నిడుపాటి స్వరాలుగా సాగదీస్తుంది. ఒకే మాట రెండు గొంతుల్లో రెండు అర్థాలతో వినపడుతుంది. ఆ తర్వాతే అంతకు ముందటి ఏడాది వచ్చిన ‘ఫాక్స్‌ట్రాట్’, అందులో రెండో వైపును దాదాపు మొత్తం ఆక్రమించిన ‘సపర్స్ రెడీ’. పైన చెప్పిన ఇరవై మూడు నిమిషాల పాట ఇదే. ఏడు భాగాలు. ఒక ఇంటి ముందు గదిలో ఇద్దరు ప్రేమికుల దగ్గర మొదలై బైబిల్ చెప్పే ప్రళయం దాకా పోతుంది. ప్రళయ ఘట్టంలో డ్రమ్ములు తొమ్మిది లెక్కను గట్టిగా పట్టుకుని ఉంటే ఆర్గన్ ఆ లెక్కను ఖాతరు చేయనట్టు పైన తిరుగుతుంది, చివరికి గొంతు వచ్చి రెండింటినీ ఒకచోట చేరుస్తుంది. తనిఆవర్తనంలో మృదంగం లెక్క తప్పిపోయిందేమో అనిపించి సరిగ్గా సమం మీద వచ్చి వాలినప్పుడు కలిగే ఆనందమే ఇదీ.

యెస్ బృందం దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. 1971 నాటి ‘ద యెస్ ఆల్బమ్’, ‘ఫ్రాజైల్’ విన్నాకే 1972 నాటి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ముట్టుకోవాలి. మూడే పాటలు, మొదటిది పద్దెనిమిది నిమిషాల పైన. హెర్మన్ హెస్సే నవల ‘సిద్ధార్థ’ ప్రేరణ. పక్షుల కూత, నీటి సడితో మొదలై ఒక్కసారిగా వాద్యాలన్నీ మీద పడతాయి. అది తట్టుకుని ముందుకు పోతే నడుమ అంతా నిమ్మళించి, లండన్‌లో ఒక చర్చి ఆర్గన్ మీద వాయించిన భాగం వస్తుంది. ఆ ఒక్క చోటు కోసమే పాట కట్టారా అనిపిస్తుంది. దాని తర్వాతి స్టూడియో ఆల్బమ్ 1973 నాటి ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’. తెలుగు పాఠకులకు బాగా తెలిసిన పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’లో శాస్త్రాల గురించిన ఒక పాదసూచిక చదివి పాటగాడు జాన్ ఆండర్సన్ దీన్ని తలపెట్టాడు. రెండు రికార్డులు, నాలుగు వైపులు, వైపుకొక పాట. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం ఒక్కో పాటకు ఆధారం. మనదే కదా అని ఇక్కడ మొదలుపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దు. భావం మనకు దగ్గరే, కట్టడం మాత్రం పలుచన. అందులో మంచి ఘట్టాలున్నాయి, వాటి మధ్య ఖాళీ నడక కూడా ఉంది. కీబోర్డు వాద్యగాడు రిక్ వేక్‌మన్‌కే అది రుచించక 1974లో బృందం వదిలాడు. దీన్ని చివరికి ఉంచుకోవడమే న్యాయం.

మిగిలిన బాట త్వరగా నడవవచ్చు. ఒంటికాలి మీద నిలబడి వేణువు వాయించే ఇయాన్ ఆండర్సన్ జెత్రో టల్‌లో ముందు ‘ఆక్వాలంగ్’, తర్వాత 1972లో రెండు వైపులకూ ఒకే పాటగా కట్టిన ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’. మాటలు అసలే వద్దనుకునేవారికి క్యామెల్ బృందం 1975లో చేసిన ‘ద స్నో గూస్’, మైక్ ఓల్డ్‌ఫీల్డ్ దాదాపు ఒంటరిగా వాద్యాలన్నీ వాయించిన 1973 నాటి ‘ట్యూబులర్ బెల్స్’. ఐదు లెక్కలో ఉరకలేసే కీబోర్డు కావాలంటే ఎమర్సన్, లేక్ అండ్ పామర్ 1971లో చేసిన ‘టార్కస్’. ఇంగ్లండు దాటితే ఇటలీలో ప్రెమియాటా ఫోర్నేరియా మార్కోనీ, కెనడాలో రష్.

ఈ సంగీతం మీద ఒక అభియోగం ఉంది. ఆడంబరం ఎక్కువ, మామూలు మనిషికి దూరం అని. 1976, 77 నాటికి పంక్ కుర్రాళ్ళు మూడే గిటార్ కార్డ్‌లతో, రెండు నిమిషాల పాటలతో ఈ మాటే అన్నారు. అందులో నిజం లేదా? ఉంది. నేర్పు చూపించాలన్న ఆత్రంలో పాటను మరిచిన రికార్డులు చాలానే ఉన్నాయి. కాని నేర్పు ఉండటమే తప్పంటే మన కచేరీ వేదికలూ మూసుకోవాల్సిందే. చూడాల్సింది ఆ నేర్పు పాటకు ఊడిగం చేస్తోందా, పాట చేత ఊడిగం చేయించుకుంటోందా అన్నదే. ‘టేల్స్’ను పక్కన పెడితే, పైన వరసగా చెప్పిన ఆల్బమ్‌లు ఆ పరీక్షలో నెగ్గినవి.

ఇంగ్లండు దాకా వెళ్ళకుండా మన వైపు నుంచే మొదలుపెట్టే వీలుందా? ఉంది. ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ చేసి త్యాగరాజుకు, బాక్‌కు అంకితమిచ్చాడు. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఆ ఇద్దరి మధ్య తిరుగుతుంది. బెంగళూరు బృందం ‘అగం’ త్యాగరాజు ‘మనవ్యాలకించరాదటే’ కృతిని ‘మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్’ పేరుతో ప్రోగ్రెసివ్ రాక్‌లో కట్టింది, 2017 నాటి ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ ఆల్బమ్‌లో ఉంది. ఆ కృతి రాగమైన నళినకాంతి తెలిసిన చెవి అక్కడ గిటార్లను ఒక్క పూటలో అలవాటు చేసుకుంటుంది. ఇంకో దారి పాలకొల్లు నుంచి ఉంది. పీటర్ గాబ్రియల్ 1975లో జెనెసిస్ వదిలి, 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్ నెలకొల్పాడు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ 1995లో ఆ సంస్థ నుంచే వచ్చింది. నక్క తల పెట్టుకుని పాడిన మనిషి ఇంటి గుమ్మం దాకా మన మాండొలిన్ అప్పటికే వెళ్ళింది.

కాబట్టి ఈ బాట పట్టాలనుకునేవారికి చెప్పేది ఇంతే. ఒక్కసారి పది ఆల్బమ్‌లు దించుకోవద్దు, ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఒక్కటి తీసుకోండి. ఫోన్‌లో షఫుల్ ఆపండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినండి. అర్థం కాని చోట ఆపకుండా తాళం వేసుకోండి, లెక్క దొరికితే పాట దొరుకుతుంది. వారం తర్వాత ‘విష్ యు వర్ హియర్’కు, ఆ తర్వాత ‘ఐ టాక్ టు ద విండ్’కు వెళ్ళండి. ‘సపర్స్ రెడీ’ దగ్గరికి చేరేసరికి ఇరవై మూడు నిమిషాలు ఎక్కువనిపించవు.